చిన్న కాలిన గాయాలు: ప్రథమ చికిత్స, ఇంటి సంరక్షణ

చర్మం పైపొరలకే పరిమితమై, శరీరంలో కొద్ది భాగానికే పాకి, శస్త్రచికిత్స అవసరం లేకుండా సాధారణంగా మూడు వారాల లోపు మానిపోయే గాయాన్ని చిన్న కాలిన గాయం అంటారు. ఎర్రబడడం, మంట, వాపు, బొబ్బలు దీని ముఖ్య లక్షణాలు. కాలిన చోటును 20 నిమిషాల పాటు పారే చల్లని నీటి కింద ఉంచడం, తర్వాత శుభ్రమైన, అంటుకోని కట్టుతో కప్పడం ప్రథమ చికిత్సలో ప్రధానమైనవి. చిన్నగా కనిపించే ప్రతి గాయమూ ఇంట్లో చూసుకోదగినది కాదు. గాయం లోతు, విస్తీర్ణం, శరీరంలో అది ఉన్న చోటు, కాలిన కారణం, బాధితుని వయసు చూసి ఆ నిర్ణయం తీసుకుంటారు.

## పరిధి

చిన్న గాయం అనే మాటకు ఆసుపత్రిలో ఒక కొలత, ఇంట్లో మరో కొలత ఉన్నాయి. అమెరికన్ బర్న్ అసోసియేషన్ పాత వర్గీకరణ ప్రకారం పెద్దవారిలో శరీర ఉపరితలంలో 10 శాతం లోపు, పదేళ్ల లోపు పిల్లల్లోను, యాభై దాటిన వారిలోను 5 శాతం లోపు ఉన్న పాక్షిక లోతు గాయాలు చిన్నవి. ఆసుపత్రిలో చేర్చకుండా చికిత్స చేయవచ్చని మాత్రమే దీని అర్థం. వీటిలో చాలా గాయాలను వైద్యుడు చూడాల్సిందే. ఇంటి సంరక్షణకు తగినది బాధితుని వేళ్లతో కలిపిన అరచేతి కంటే చిన్నదై, పైపొరలకే పరిమితమై, ముఖం, కీళ్ల వంటి కీలక భాగాల మీద లేని గాయం.

## చర్మం కాలే విధానం

చర్మంలో పైన బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం ఉంటాయి. ఆ రెంటి అడుగున కొవ్వు పొర ఉంటుంది. బాహ్యచర్మం సూక్ష్మజీవులను, నీటి నష్టాన్ని అడ్డుకుంటుంది. రక్తనాళాలు, నరాల చివరలు, స్వేదగ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అంతశ్చర్మంలో ఉంటాయి.

గాయం తీవ్రత వేడి మీదా, ఆ వేడి చర్మానికి తగిలిన సమయం మీదా ఆధారపడుతుంది. అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్వెస్ 1947లో ప్రచురించిన పరిశోధనలు ఈ సంబంధాన్ని లెక్కలతో చూపాయి. 44 డిగ్రీల సెల్సియస్ వద్ద చర్మం దెబ్బతినడానికి సుమారు ఆరు గంటలు పడితే, 60 డిగ్రీల వద్ద కొన్ని సెకన్లు చాలు. 70 డిగ్రీల వద్ద సెకను కూడా పట్టదు. శిశువుల చర్మం పలుచన కనుక వారిలో ఈ సమయాలు ఇంకా తక్కువ.

వేడికి కణాల్లోని ప్రోటీన్ల నిర్మాణం చెడుతుంది. సన్నని రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి ఊరి వాపు వస్తుంది. ఈ ద్రవం బాహ్యచర్మానికీ అంతశ్చర్మానికీ మధ్య చేరితే బొబ్బ లేస్తుంది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన శస్త్రవైద్యుడు జాక్సన్ 1953లో కాలిన గాయాన్ని మూడు మండలాలుగా వివరించాడు. మధ్యలో కణాలు చనిపోయిన భాగం, దాని చుట్టూ రక్తప్రసారం మందగించిన భాగం, అన్నిటికీ వెలుపల రక్తప్రసారం పెరిగి ఎర్రబడిన భాగం ఉంటాయి. నడిమి మండలంలోని కణాలు కోలుకోనూవచ్చు, రెండు మూడు రోజుల్లో చనిపోనూవచ్చు. ప్రథమ చికిత్స కాపాడేది ప్రధానంగా ఈ మండలాన్నే. మొదటి రోజు పైపైన కనిపించిన గాయం మూడో రోజుకు లోతుగా తేలడానికి కారణం కూడా ఇదే.

## చరిత్ర

ప్రాచీన ఈజిప్టు వైద్యగ్రంథమైన ఎబర్స్ పపైరస్‌లో కాలిన గాయాలకు మందులు ఉన్నాయి. భారతదేశంలో సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని అగ్నికర్మ విధి అనే 12వ అధ్యాయం కాలిన గాయాలను ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగుగా విభజించింది. రంగు మారి మండేది ప్లుష్టం, బొబ్బలు లేచేది దుర్దగ్ధం, మాంసం వేలాడేంతగా కాలినది అతిదగ్ధం. వేడి నూనె వంటి స్నేహ పదార్థాలు సూక్ష్మమార్గాల్లోకి చొచ్చుకుపోతాయి కాబట్టి వాటితో కాలితే బాధ ఎక్కువని కూడా అందులో ఉంది. ప్లుష్టానికి ఆ గ్రంథం చెప్పిన ఉపచారం వేడి చూపడం. నేటి వైద్యం దీనికి భిన్నంగా చల్లబరచమంటుంది.

ఐరోపాలో జర్మన్ శస్త్రవైద్యుడు ఫాబ్రిసియస్ హిల్డానస్ 1607లో ప్రచురించిన గ్రంథంలో కాలిన గాయాలకు మూడు దశలు చెప్పాడు. ఫ్రాన్స్‌కు చెందిన డ్యుపుయిట్రెన్ 1832లో వాటిని ఆరు దశలు చేశాడు. లండన్ వైద్యుడు జేమ్స్ ఎర్ల్ 1799లో చల్లని నీరు, మంచు వాడకాన్ని సమర్థిస్తూ వ్యాసం వెలువరించాడు. చల్లబరచడం వల్ల కలిగే మేలును 20వ శతాబ్దం మధ్యలో ప్రయోగాలు నిర్ధారించాయి. చల్లటి నీరు మేలైనదిగా నిలిచింది, మంచు మాత్రం హాని చేస్తుందని తేలింది. తేమగా ఉంచిన పుండు ఆరబెట్టిన పుండు కంటే త్వరగా మానుతుందని 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగం చూపింది. ఆధునిక కట్లకు ఇది పునాది. 1968లో చార్లెస్ ఫాక్స్ పరిచయం చేసిన సిల్వర్ సల్ఫాడయాజిన్ లేపనం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

## కారణాలను బట్టి రకాలు

వేడి ద్రవాలు, ఆవిరి: ఇళ్లలో ఎక్కువగా జరిగే ప్రమాదాలు ఇవి. టీ, పాలు, సాంబారు ఒలకడం, అన్నం వార్చేటప్పుడు గంజి పడడం, స్నానానికి కాచిన నీళ్లు మీద పడడం, కుక్కర్ ఆవిరి తగలడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. కుక్కర్ లోపలి ఆవిరి సుమారు 120 డిగ్రీల వరకు ఉంటుంది.

నూనె, పాకం: వేపుళ్లకు కాగిన నూనె 160 నుంచి 190 డిగ్రీల వేడిలో ఉంటుంది. తాలింపు చిటపటలు, బూరెలు నూనెలో పగిలి చిందడం వల్ల చిన్న చుక్కలు పడినా బొబ్బలు లేస్తాయి. అరిసెల పాకం, చక్కెర పాకం చర్మానికి అంటుకుని వేడిని పట్టి ఉంచుతాయి కనుక గాయం లోతుగా దిగుతుంది.

వేడి వస్తువులు: పెనం, ఇస్త్రీ పెట్టె, మోటార్‌సైకిల్ సైలెన్సర్ తగిలి కాలే గాయాలు. సైలెన్సర్ గాయం సాధారణంగా పిక్క లోపలివైపు ఉంటుంది, చిన్నగా కనిపించినా తరచు లోతైనది.

మంట: దీపాలు, గ్యాస్ పొయ్యి, దీపావళి నాడు చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు.

రసాయనాలు: మరుగుదొడ్లు కడిగే ఆమ్లాలు, బ్యాటరీ ఆమ్లం, సున్నం, సిమెంటు. క్షారాలు కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతాయి కాబట్టి మొదట నొప్పి తక్కువగా ఉన్నా నష్టం ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలోని జీడిపప్పు పరిశ్రమలో జీడిపిక్క తొక్కలోని నూనె కార్మికుల చేతులను పొక్కిస్తుంది. ఇందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఇందుకు కారణం.

ఎండ: అతినీలలోహిత కిరణాల వల్ల చర్మం కమిలి, కొన్ని గంటల తర్వాత మంట మొదలవుతుంది. ఇది ఎక్కువగా పైపొర గాయమే.

విద్యుత్తు: కరెంటు లోపలికి వెళ్లిన చోటా, బయటికి వచ్చిన చోటా చిన్న మచ్చలే కనిపించవచ్చు. లోపల కండరాలు, నరాలు దెబ్బతిని, గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. అందువల్ల దీన్ని ఎప్పుడూ చిన్న గాయంగా లెక్కించరు.

పచ్చిమిర్చి, కారం తగిలి చేతులు మండడం కాలిన గాయం కాదు. క్యాప్సైసిన్ నొప్పి నరాలను ప్రేరేపించడం వల్ల కలిగే మంట అది, కణాలు కాలవు.

## లోతును బట్టి వర్గీకరణ

మొదటి డిగ్రీ, అంటే ఉపరితల గాయం: బాహ్యచర్మం మాత్రమే దెబ్బతింటుంది. చర్మం ఎర్రబడి, పొడిగా, తాకితే నొప్పిగా ఉంటుంది. బొబ్బలు రావు. మూడు నుంచి ఏడు రోజుల్లో పొర ఊడి మానుతుంది.

రెండో డిగ్రీ, అంటే పాక్షిక లోతు గాయం: ఇందులో రెండు ఉపరకాలు ఉన్నాయి. పైభాగపు గాయంలో బొబ్బలు లేస్తాయి. బొబ్బ కింద చర్మం గులాబి రంగులో, తేమగా, తీవ్రమైన నొప్పితో ఉంటుంది. నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. ఇది ఒకటి నుంచి మూడు వారాల్లో మానుతుంది. లోతైన రకంలో చర్మం మచ్చలు మచ్చలుగా ఎరుపు తెలుపులు కలిసి, నొప్పి తగ్గి ఉంటుంది. మానడానికి మూడు వారాలు దాటుతుంది, ఎత్తైన మచ్చ మిగిలే అవకాశం ఎక్కువ.

మూడో డిగ్రీ, అంటే పూర్తి లోతు గాయం: చర్మం తెల్లగా, గోధుమ రంగులో లేదా నల్లగా మాడి, తోలులా గట్టిపడుతుంది. నరాల చివరలు నశించినందున అక్కడ స్పర్శ ఉండదు. నొప్పి లేకపోవడం ఇక్కడ ప్రమాద సూచన.

చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎరుపు స్పష్టంగా కనిపించదు. వారిలో వెచ్చదనం, వాపు, నొప్పి, బొబ్బలను గమనించి లోతును అంచనా వేస్తారు.

## విస్తీర్ణం అంచనా

ఇంట్లో సులభమైన కొలత బాధితుని చెయ్యి. వేళ్లతో కలిపిన అరచేయి శరీర ఉపరితలంలో సుమారు 1 శాతం. కొలతకు కాలిన మనిషి చేతినే తీసుకోవాలి, చూసేవారి చేతిని కాదు. ఆసుపత్రుల్లో పెద్దవారికి వాలెస్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన తొమ్మిదుల సూత్రాన్ని, పిల్లలకు 1944 నాటి లండ్, బ్రౌడర్ పట్టికను వాడతారు. ఎర్రబడి మాత్రమే ఉన్న భాగాన్ని ఈ లెక్కలో చేర్చరు.

## ప్రథమ చికిత్స

కాలడాన్ని ఆపడం. బాధితుణ్ణి వేడికి దూరం చేయాలి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద దొర్లించాలి లేదా మందపాటి నూలు దుప్పటితో మంటను ఆర్పాలి. కరెంటు ప్రమాదమైతే సరఫరా ఆపిన తర్వాతే మనిషిని తాకాలి.

తొలగించడం. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ, మొలతాడు వంటివి వాపు రాకముందే తీయాలి. వేడి ద్రవంతో తడిసిన బట్టను వెంటనే విప్పాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగకుండా చుట్టూ కత్తిరించి వదిలేస్తారు.

చల్లబరచడం. కుళాయి కింద పారే చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. గాయం తగిలిన మూడు గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా మేలు ఉంటుంది. నీరు చర్మంలో మిగిలిన వేడిని తీసివేసి, వాపునూ నొప్పినీ తగ్గిస్తుంది. వేసవి మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు వేడిగా ఉంటుంది. అప్పుడు ఆ నీటిని కొంతసేపు వదిలేయడం గానీ, బోరు నీరు, కుండలోని నీరు పోయడం గానీ చేయవచ్చు. నీటి కొరత ఉంటే తడిగుడ్డ వేసి తరచూ మారుస్తారు. మంచుగడ్డ, మంచునీరు రక్తనాళాలను ముడుచుకునేలా చేసి నష్టాన్ని పెంచుతాయి కనుక వాడరు. శిశువుల్లోను, వృద్ధుల్లోను ఒంటి వేడి పడిపోకుండా కాలని భాగాలను వెచ్చగా కప్పి ఉంచాలి.

కప్పడం. చల్లబరచిన తర్వాత పారఫిన్ గాజ్ వంటి అంటుకోని కట్టు, అది లేకుంటే ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పాలి. ఆహారాన్ని చుట్టే పలుచని పారదర్శక ప్లాస్టిక్ పొర కూడా తాత్కాలికంగా పనికొస్తుంది. దాన్ని చేతికి, కాలికి చుట్టూ తిప్పకుండా పైన పరిచినట్టు వేస్తారు. నూగు రాలే దూదిని నేరుగా గాయంపై పెట్టరు.

రసాయనంతో కాలితే నీరు ఎక్కువసేపు పోయాలి. పొడి సున్నం, సిమెంటు పొడి పడితే ముందు మెత్తని గుడ్డతో దులిపి తర్వాత కడగాలి. విరుగుడుగా మరో రసాయనం పోయకూడదు, ఆ చర్యలో అదనంగా వేడి పుడుతుంది. కంట్లో సున్నం పడితే కనీసం 20 నిమిషాలు కడిగి వెంటనే కంటి వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

## ఇంటి సంరక్షణ

### బొబ్బలు

పగలని బొబ్బ కింది చర్మానికి సహజమైన కప్పు. చిన్న బొబ్బలను సూదితో పొడవరు. పెద్దవై పగిలేలా ఉన్నవాటిని, కీళ్ల కదలికకు అడ్డొచ్చేవాటిని శుభ్రమైన పద్ధతిలో వైద్యుడు తొలగించవచ్చు. తానుగా పగిలితే నీటితో, గాఢత తక్కువైన సబ్బుతో మెల్లగా కడిగి కట్టు వేస్తారు.

### కట్టు మార్చడం

ఉపరితల గాయానికి కట్టు తప్పనిసరి కాదు, మాయిశ్చరైజర్ చాలు. పాక్షిక లోతు గాయానికి పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి అంటుకోని కట్టు వేయవచ్చు. కట్టును రోజుకొకసారి లేదా వైద్యుడు చెప్పిన వ్యవధిలో మారుస్తారు. తడిసినా, మురికి పట్టినా అప్పుడే మార్చాలి. అతుక్కుంటే నీటితో నానబెట్టి తీయాలి. కట్టు ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చేతి వేళ్లు పక్కపక్కన కాలితే ఒక్కొక్క వేలికి విడిగా కట్టు వేస్తారు.

### నొప్పి

పెద్దవారికి పారాసెటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల వ్యవధితో, రోజుకు 4 గ్రాములు మించకుండా ఇస్తారు. కాలేయ వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గాలి. పిల్లలకు బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఐబుప్రొఫెన్‌ను కడుపు పుండ్లు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా వాడరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరు. కాలిన చేయి, కాలు ఎత్తులో పెట్టుకుంటే వాపు, సలుపు తగ్గుతాయి.

### ధనుర్వాతం టీకా

కాలిన గాయం ధనుర్వాతానికి అవకాశమిచ్చే గాయాల్లో ఒకటి. చర్మం చిట్లిన గాయమై, చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే, లేదా టీకా వివరం తెలియకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి.

### యాంటీబయాటిక్స్

మానుతున్న చిన్న గాయానికి నోటి ద్వారా తీసుకునే యాంటీబయాటిక్స్ అవసరం లేదు. ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపించినప్పుడు వైద్యుడు వాటిని సూచిస్తాడు.

## ఇంటి మందులు, లేపనాలు

నెయ్యి, వెన్న, నూనె: చల్లబరచకముందే రాస్తే వేడి బయటికి పోనివ్వవు, కడగడమూ కష్టం.

టూత్‌పేస్టు, సిరా, పసుపు: టూత్‌పేస్టులోని మెంథాల్, నురుగునిచ్చే పదార్థాలు గాయాన్ని రేపుతాయి. సిరా, పసుపు తమ రంగుతో గాయం లోతు తెలియకుండా చేస్తాయి.

ఇడ్లీ, దోసె పిండి, గుడ్డు తెల్లసొన, పేడ: పులిసిన పిండిలోను, పచ్చి గుడ్డులోను సూక్ష్మజీవులు ఉంటాయి. పేడలో ధనుర్వాతం కలిగించే బాక్టీరియా ఉండవచ్చు.

తేనె: పాక్షిక లోతు గాయాలు సాధారణ కట్ల కంటే తేనె కట్లతో నాలుగైదు రోజులు ముందుగా మానుతాయని 2015 నాటి కోక్రేన్ సమీక్ష పేర్కొంది. ఇలా చికిత్సకు వాడేందుకు సూక్ష్మజీవరహితం చేసిన వైద్య తేనె దొరుకుతుంది. వంటింటి సీసాలోని తేనె ఆ కోవకు చెందదు.

కలబంద: మంట తగ్గిస్తుంది. త్వరగా మానుతుందని కొన్ని అధ్యయనాలు చూపినా ఆధారాల బలం తక్కువ. ఆకు నుంచి నేరుగా తీసిన గుజ్జును చిట్లిన చర్మంపై రాయరు.

అరటి ఆకు, ఉడికించిన బంగాళాదుంప తొక్క: భారతీయ వైద్యులు వీటిని చవకైన, అంటుకోని కట్లుగా పరీక్షించారు. ముంబైలో కేశ్వాని 1980లలో బంగాళాదుంప తొక్కలతో కట్లు రూపొందించాడు. ఇవి సూక్ష్మజీవరహితం చేసి ఆసుపత్రిలో వాడేవి. పచ్చి దుంప ముక్క రుద్దడం వీటికి ప్రత్యామ్నాయం కాదు.

మందుల దుకాణాల లేపనాలు: తెలుగు ఇళ్లలో చిరపరిచితమైన పసుపురంగు బర్నాల్‌లో అమినాక్రిన్, సెట్రిమైడ్ అనే క్రిమినాశకాలు ఉన్నాయి. దీన్ని చల్లబరచడానికి బదులుగా రాయకూడదు. సిల్వర్ సల్ఫాడయాజిన్ వాడిన గాయాలు కొత్త తరహా కట్లతో పోలిస్తే ఆలస్యంగా మానుతున్నాయని 2013 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. సల్ఫా మందులు పడనివారికి, రెండు నెలల లోపు శిశువులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు దాన్ని ఇవ్వరు.

## వైద్య సహాయం అవసరమయ్యే సందర్భాలు

కింది సందర్భాల్లో ఇంటి సంరక్షణ సరిపోదు:

- గాయం బాధితుని చేతి కంటే పెద్దదిగా ఉన్నప్పుడు
- ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద బొబ్బలు లేచినప్పుడు
- చేయి, కాలు, మెడ చుట్టూ వలయంగా కాలినప్పుడు
- చర్మం తెల్లబడి, మాడి, స్పర్శ తెలియనప్పుడు
- విద్యుత్తు, రసాయనం కారణమైనప్పుడు
- పొగ పీల్చడం, గొంతు బొంగురుపోవడం, ముక్కులో మసి కనిపించడం
- శిశువులు, వృద్ధులు, గర్భిణులు, మధుమేహం లేదా రోగనిరోధక శక్తి లోపం ఉన్నవారు
- కాలిన తీరుకూ చెప్పిన కారణానికీ పొంతన లేనప్పుడు
- రెండు వారాలైనా మానే సూచన లేనప్పుడు

నొప్పి రోజురోజుకూ పెరగడం, చుట్టూ ఎరుపు పాకడం, చీము, దుర్వాసన, జ్వరం గాయానికి ఇన్‌ఫెక్షన్ సోకినట్టు చెప్పే గుర్తులు. పిల్లల్లో చిన్న గాయం తర్వాత కొద్ది రోజులకే జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, వాంతులు, విరేచనాలు వస్తే అది బాక్టీరియా విషం వల్ల కలిగే అత్యవసర స్థితి కావచ్చు. మధుమేహులకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనుక వేడినీటి కాపడంతో కాలినా తెలియదు. అత్యవసరంలో 108 లేదా 112 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 108 సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైంది.

## మానే క్రమం, మచ్చలు

పాక్షిక లోతు గాయంలో వెంట్రుకల కుదుళ్లు, స్వేదగ్రంథుల్లో మిగిలిన కణాల నుంచి కొత్త బాహ్యచర్మం పాకుతుంది. మానాక కొన్ని నెలల పాటు ఆ చోట చర్మం ముదురుగానో, లేతగానో కనిపించవచ్చు. భారతీయుల చర్మంలో ఈ రంగు తేడా ఎక్కువగా తెలుస్తుంది, క్రమంగా తగ్గుతుంది. పూర్తిగా మానిన తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్‌తో మెల్లగా మర్దన చేస్తే పొడితనం, దురద తగ్గుతాయి. కొత్త చర్మాన్ని ఎండ నుంచి బట్టతో గానీ, 30 లేదా ఆ పైన ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్‌తో గానీ కాపాడుకోవాలి. మూడు వారాలు దాటి మానిన గాయాల్లో ఉబ్బెత్తు మచ్చలు ఏర్పడవచ్చు. వాటికి సిలికోన్ పట్టీలు, బిగుతు తొడుగులు వాడతారు.

## నివారణ

పొయ్యిని నేల మీద కాక గట్టు మీద అమర్చడం, గిన్నెల పిడులు లోపలివైపు తిప్పడం, వండేటప్పుడు చున్నీ, పైట కొంగు బిగించి కట్టుకోవడం, కుక్కర్‌లో ఆవిరి పూర్తిగా తగ్గాకే మూత తీయడం వంటింటి జాగ్రత్తలు. స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపాలి, గీజర్‌ను 50 డిగ్రీలకు మించకుండా పెట్టాలి. హీటర్ రాడ్ ఉన్న బకెట్‌ను పిల్లలకు అందకుండా ఉంచాలి. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని టీ, కాఫీ తాగకూడదు. టపాసులు కాల్చేటప్పుడు నూలు బట్టలు, చెప్పులు వేసుకుని, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకోవాలి.

## ప్రజారోగ్య ప్రాముఖ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాలతో ఏటా సుమారు 1,80,000 మంది మరణిస్తున్నారు. అత్యధిక మరణాలు తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనివి. భారతదేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో, తీవ్రంగానో కాలుతున్నారని ఆ సంస్థ పేర్కొంటుంది. ఆసుపత్రికి చేరని చిన్న గాయాలు ఈ లెక్కలో లేవు. మరణాలకు దారితీయకపోయినా ఇవి పని దినాల నష్టానికి, మచ్చలకు, కీళ్లు బిగుసుకుపోవడానికి కారణమవుతాయి. నీటితో చల్లబరచడానికి ఖర్చు, పరికరాలు అక్కర్లేదు కనుక పాఠశాలల్లో, కార్యాలయాల్లో నేర్పే ప్రథమ చికిత్స పాఠాల్లో దీన్ని ముఖ్యాంశంగా చేరుస్తారు.

## ఇవి కూడా చూడండి

చర్మం, అగ్నికర్మ, ధనుర్వాతం, వడదెబ్బ, విద్యుదాఘాతం, చర్మ మార్పిడి, గృహ భద్రత, ప్రథమ చికిత్స పెట్టె